ఇరవై నాలుగు తాలుకాయలు

యశ్వంత్ అనే పదకొండేళ్ళ పిల్లవాడు ఆట మధ్యలో మా అమ్మాయి వైపు కాకుండా నా వైపు తిరిగి, ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చిన డాక్టరులా గొంతు తగ్గించి, “ఆంటీ, ఇందులో నీళ్ళ కార్డులు పెట్టారా?” అని అడిగాడు చూడండి, సరిగ్గా అప్పుడు నాకు మొట్టమొదటిసారి ప్రమాదం వాసన తగిలింది. తగిలి ఏం లాభం? అప్పటికే కొంప సగం కాలిపోయింది. అగ్గిపుల్ల గీసింది నేనే.

ఇది పోయినేడాది సంగతి. చదివి మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ తప్పంతా నాదేనని మాత్రం అనకండి. ముప్పాతిక నాది. మిగతా పావు ఎవరిదో నేనింకా తేల్చుకోలేదు. తేలిన రోజున వాళ్ళ సంగతి చూస్తాను.

మేము నందిగామలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంటాం. మా హాసినికి అప్పుడు తొమ్మిదేళ్ళు, చిన్నుగాడికి ఐదు. ఆ ఇంట్లోకి వచ్చి మూడు నెలలే అయింది. ఆదివారం పదింటికల్లా కింద పార్కింగ్‌లో నలుగురు పిల్లలు చాప పరుచుకుని కార్డుల ఆట ఆడేవాళ్ళు. కార్డులు అనగానే నేనూ మీలాగే ఉలిక్కిపడ్డాను. ఇది ఆ పేకాట కాదు. ఒక్కొక్కరి దగ్గర అరవై కార్డుల కట్ట ఉంటుంది, దాన్ని డెక్ అంటారు. కార్డుల మీద కుందేళ్ళు, ఖడ్గమృగాలు, రెక్కలున్న రాక్షసులు. నలుగురూ ఒకరి కోట మీదికి ఒకరు వాటిని తోలతారు. కావలసిన కార్డుల్ని తమలో తాము మార్చుకుంటారు.

హాసిని రెండు నెలలపాటు ఆ చాప పక్కన నిలబడి చూసింది. పెళ్ళి భోజనాల్లో బంతి ఎప్పుడు లేస్తుందా అని కుర్చీ వెనక కాచుకున్న చుట్టంలా నిలబడింది. ఆ ఊళ్ళో దానికి ఒక్క స్నేహితురాలు లేదు. అలాంటి సమయంలో నలుగురిలో ఒకడి నాన్నకి ఖమ్మం బదిలీ అయింది. యశ్వంత్ హాసినితో చెప్పాడట: “వచ్చే ఆదివారానికి డెక్ తెచ్చుకుంటే నువ్వు కూర్చో. తేకపోతే బి బ్లాక్ అమ్మాయిని పిలుస్తాం.”

ఆ చాప మీద జానెడు చోటు! దానికోసం నా కూతురు ఆ వారమంతా అన్నం కూడా సరిగ్గా తినలేదు. కన్నతల్లిని, చూస్తూ ఊరుకుంటానా? రంగంలోకి దిగాను. నేను దిగకుండా ఉంటే అందరం సుఖంగా ఉండేవాళ్ళం, అది వేరే విషయం.

ముందు వీడియోలు చూశాను. ఒకటి కాదు, పదకొండు. పదకొండుమందీ కూడబలుక్కున్నట్టు ఒకటే పాట: కొత్తగా నేర్చుకునేవాళ్ళు కంపెనీ సిద్ధంగా కట్టి అమ్మే బిగినర్ డెక్ కొనండి, అందులో ఏమీ మార్చకండి.

మార్చకండి! ఎంత మాట! మాది జగ్గయ్యపేట పక్క పల్లెటూరు, మిరప పండించే ఇల్లు. బస్తా మూతి విప్పి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి పిడికెడు తీసి చూడకుండా సరుకు కొన్న చరిత్ర మా వంశంలో లేదు. ఎమ్మెస్సీ చదివేటప్పుడు కూడా సెలవులకి వస్తే కల్లంలో కూర్చుని కాయలు ఏరినదాన్ని. ఎర్రగా నిగనిగలాడేది ఈ కుప్ప, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఆ కుప్ప. నా చెయ్యి పడ్డ బస్తాలో తాలు మిగలదని మా అమ్మ పదిమందికీ చెప్పుకునేది. అలాంటి నన్ను, సీలు వేసిన డబ్బా కళ్ళుమూసుకుని కొనమంటారా?

శనివారం హాసినిని బస్సెక్కించి జగ్గయ్యపేట తీసుకెళ్ళాను. పలక నుంచి ప్రాక్టికల్ రికార్డుల దాకా నేను కొన్న షాపు అక్కడుంది. ఇప్పుడు ఆటబొమ్మలూ ఈ కార్డులూ కూడా అమ్ముతున్నారు. యజమానిని చిన్నప్పటినుంచీ బాబాయిగారూ అని పిలుస్తాను. పాపం, ఆయన మంచివాడే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

“కొత్తగా ఆడే పిల్లలకి ఇదేనమ్మా, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు” అంటూ ఒక డబ్బా ఇచ్చారు.

“విప్పండి బాబాయిగారూ.”

“విప్పితే కొన్నట్టేనమ్మా మరి.”

“కొంటానండీ. ముందు విప్పండి.”

విప్పారు. గల్లాపెట్టె పక్కన కార్డులన్నీ పరిచాను. కుందేలు, నక్క, పులి, ఏనుగు, బాగానే ఉన్నాయి. ఆ తరవాత ఒక కార్డు వచ్చింది. దాని మీద ఒక సెలయేరు. అంతే. కోర లేదు, కొమ్ము లేదు, మూలన ఒక అంకె కూడా లేదు. దాని కింద ఇంకో సెలయేరు. దాని కింద మరోటి. లెక్కపెడితే ఇరవై నాలుగు. అరవైలో ఇరవై నాలుగు ఒకే బొమ్మ! నా ఒళ్ళు భగ్గుమంది.

“ఏంటండీ ఇది? ఇరవై నాలుగు తాలుకాయలు!”

“తాలు కాదమ్మా, అవి నీళ్ళంట. కంపెనీవాడే పెట్టాడు.”

“కంపెనీవాడు పెడితే కళ్ళకద్దుకోవాలా? పైన నాలుగు మంచి కాయలు పరిచి, అడుగున తాలు కూరితే మేం కనిపెట్టలేమా?”

“అవి లేకపోతే ఆట నడవదంటున్నారమ్మా పిల్లలు.”

“సరుకు అంటగట్టాలంటే ఎన్నయినా చెబుతారు బాబాయిగారూ.”

హాసిని నా చున్నీ అంచు పట్టుకుని లాగింది. “అమ్మా, యశ్వంత్ వాళ్ళు కూడా అవి...”

“నువ్వాగు. నీకేం తెలుసు బేరాల సంగతి?”

ఇంకోసారి లాగింది. “అది కాదమ్మా, ముందు నీళ్ళు వేస్తేనే...”

“ఆగమన్నానా!”

ఆగింది. షాపులో ఒక గాజు పెట్టెలో విడి కార్డులు ఉన్నాయి. ఆ ఇరవై నాలుగూ ఆయనకే అప్పజెప్పి, వాటి బదులు గాజు పెట్టెలోంచి ఇరవై నాలుగు ఏరాను. ఎలా ఏరాను! అంకె పెద్దదై ఉండాలి, కోర పొడుగ్గా ఉండాలి, రంగు నిగనిగలాడాలి. మూడు తలల సర్పం, నిప్పులు కక్కే డేగ, కొండంత రాక్షసుడు. అది చాలదన్నట్టు, ఉన్న కుందేళ్ళనీ నక్కల్నీ కూడా ఇచ్చేసి ఏనుగుల్ని తీసుకున్నాను. బాబాయిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, “మీ ఇష్టమమ్మా, నేను మూడుసార్లు చెప్పా” అన్నారు. ఓడిపోయిన వ్యాపారి అలాగే అంటాడని నేను లోలోపల మురిసిపోయాను. చిల్లకల్లు దాటేదాకా బస్సులో హాసినికి నా బేరం గొప్పతనం వివరించాను. అది కిటికీలోంచి లారీల్ని చూస్తూ కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను!

ఆదివారం. చిక్కుడుకాయల చేట పట్టుకుని, వలుచుకునే నెపంతో నేనూ కిందికి వెళ్ళి చాప పక్కన కుర్చీ వేసుకున్నాను. తలా ఏడు కార్డులు తీసుకున్నారు. యశ్వంత్ ఒక సెలయేరు కింద పెట్టాడు. ఇంకో అబ్బాయి, వాడి చెల్లెలు కూడా ఒక్కో సెలయేరు పెట్టారు. హాసిని తన చేతిలోకి చూసుకుని, “పాస్” అంది.

రెండో చుట్టులో వాళ్ళ సెలయేళ్ళ పక్కన కుందేళ్ళు లేచాయి. హాసిని, “పాస్.”

అప్పుడే యశ్వంత్ నన్ను ఆ ప్రశ్న అడిగాడు. ఆ ఆటలో ఏ జంతువు కదలాలన్నా నీళ్ళు తాగాలట! కుందేలుకి ఒక నీళ్ళ కార్డు చాలు. ఏనుగుకి ఐదు. నా కొండంత రాక్షసుడికి తొమ్మిది. నేను కొన్నదాంట్లో నీటిబొట్టు లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసులో మోకాలిదాకా దిగి, కడుక్కునే నీళ్ళు కూడా ముందురోజే పారబోసుకున్నాను.

ఇక్కడితో ఊరుకున్నా బాగుండేది. నా కూతురు తక్కువైపోతోందని తట్టుకోలేక, “ఏయ్, దాన్ని తేలిగ్గా చూడకండి! దాని చేతిలో మూడు తలల పాముంది, ఇద్దరు రాక్షసులున్నారు” అని బెదిరించాను.

“అమ్మా!” అంది హాసిని, కార్డుల్ని గుండెకి హత్తుకుని.

ముగ్గురు పిల్లలూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నలుగురు ఆడే ఆటలో ఎవరు ప్రమాదమనిపిస్తే వాళ్ళని మిగతావాళ్ళంతా కలిసి ముందు కొడతారట. ఒంటినిండా నగలేసుకుని అర్ధరాత్రి పొలంగట్టు మీద నడిచినవాణ్ణి దొంగలు కూడా అంత ఇదిగా చూడరు. మూడు కుందేళ్ళు, రెండు నక్కలు కలిసి నా కూతురి కోటని నాలుగో చుట్టుకల్లా నేలమట్టం చేశాయి. దాని చేతిలో రాక్షసులు దాహంతో అలాగే కూర్చున్నారు.

“ముగ్గురు కలిసి ఒక్క పిల్ల మీద పడతార్రా? ఇదేం న్యాయం?” అని లేచాను. చేటలో చిక్కుడుకాయలు చాప నిండా పడ్డాయి.

“ఆటే అది ఆంటీ” అన్నాడు యశ్వంత్ కార్డుల మీదనుంచి ఒక కాయ తీసి నాకిస్తూ.

“ఆ నీళ్ళ సంగతి ముందే చెప్పాలా వద్దా?”

“హాసినికి తెలుసుగా ఆంటీ. రెండు నెలలనుంచీ చూస్తోంది.”

నేను హాసిని వైపు తిరిగాను. అది తలవంచుకుని కార్డులు సర్దుకుంటోంది. “షాపులో చెప్పాగా” అని కూడా అనలేదు. అని ఉంటే నాలుగు తిట్టి గట్టెక్కేదాన్ని. పైకి వెళ్ళి, డెక్ బీరువా మీద పెట్టి, బొమ్మల పుస్తకం తీసుకుని కూర్చుంది. ఆ చాప మీద జానెడు చోటు చూస్తూ చూస్తూ నేనే పోగొట్టాను.

మధ్యాహ్నం ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన మా ఆయనకి జరిగిందంతా చెప్పుకుని ఓదార్పు ఆశించాను. ఆయన సాంతం విని, “మిరప తోట వేసి బోరు మోటారు అమ్ముకున్నట్టుంది నీ యవ్వారం” అని అన్నం కలుపుకున్నారు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. చూస్తే ఆ ముగ్గురు పిల్లలూ. బి బ్లాక్ అమ్మాయిని పిలిచేశామని చెప్పడానికి వచ్చారనుకున్నాను.

“హాసినినే ఉంచుకుందామనుకున్నాం ఆంటీ” అన్నాడు యశ్వంత్. “ఏడు కార్డులు చేతిలో పెట్టుకుని ఒక్కటీ వెయ్యలేక కూడా ఏడవలేదు. మేమైతే ఏడ్చేవాళ్ళం. మా దగ్గర నీళ్ళు ఎక్కువున్నాయి. ఒక రాక్షసుడిస్తే ఐదు నీళ్ళిస్తాం.”

కొండంత రాక్షసుడికి ఐదు తాలుకాయలా! నేను నోరు తెరిచాను. హాసిని నా వైపు ఒక్క చూపు చూసింది. మూశాను.

“ఎనిమిది” అంది హాసిని.

“ఆరు.”

“ఎనిమిదీ, ఒక కుందేలూ. లేకపోతే రాక్షసుణ్ణీ ఇవ్వను, డేగనీ ఇవ్వను.”

ముగ్గురూ గుసగుసలాడుకుని, తలా ఒక పెద్ద కార్డు తీసుకుని తలా ఎనిమిది నీళ్ళు, ఒక కుందేలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మూడెనిమిదులు ఇరవై నాలుగు. నా కూతురు! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ నీళ్ళు మాత్రం ఎవరూ అడక్కుండానే వస్తాయి.

“ఇంకో కండిషన్ ఆంటీ” అన్నాడు యశ్వంత్, చెప్పుల వైపు చూస్తూ. “ఆట జరిగేటప్పుడు మీరు కిందికి రాకూడదు.”

నా పార్కింగ్‌లోకి నేను రాకూడదు! నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది ఎవరు? అడుగుదామనుకున్నాను. హాసిని మళ్ళీ చూసింది. “సరే నాన్నా” అన్నాను.

మర్నాడు పొద్దున స్కూలుకి జడలు వేస్తూ, చిన్నుగాణ్ణి కూడా ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు సవరించుకుని గంభీరంగా ప్రకటించాను: “పిల్లలూ, ఇకమీదట మీ ఆటల్లో ఏది తాలో, ఏది కాయో మీ అమ్మ నిర్ణయించదు. ముందు మిమ్మల్ని అడుగుతుంది. మీరు చెప్పేది చివరిదాకా వింటుంది. నా మీద ఒట్టు.”

“మరి ఆదివారం కిందికి రావుగా?” అంది హాసిని అద్దంలోంచి.

“రాను. మాట ఇచ్చాను, తప్పను. కానీ మొదటి అంతస్తు మెట్ల మీద కూర్చోనని నేనెవరికీ మాట ఇవ్వలేదు. తల తిప్పకు, పాపిడి వంకరపోతుంది.”