రాకడ ఆలస్యమైతే

రేపు ఏడింటికి రావాలమ్మా అంటే, ఫిలింనగర్‌లో మా సినిమాకు దుస్తులు చూసే ఆవిడ ఒకే షరతు పెట్టేది: "ప్రభువు రాకడ ఆలస్యమైతే వస్తాను బాబూ." అంటే, ఆలోపు క్రీస్తు వచ్చి విశ్వాసుల్ని తీసుకుపోకపోతే అని. ఆ తర్వాత వెయ్యేళ్ళు ఆయన పాలన. "అందులో షూటింగులుండవు" అనేది సంబరంగా. పాస్టరు కొడుకునైన నేనే అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి. ఆవిడ మాత్రం బోరబండ నుంచి ఏడు కాకముందే వచ్చి ఇస్త్రీ మొదలుపెట్టేది.

ఒకరోజు ఎనిమిదైనా రాలేదు, ఫోనెత్తలేదు. "మీ దేవుడు తీస్కపోయిండా ఏందన్నా?" అన్నాడు లైట్‌మ్యాన్. అందరూ నవ్వారు. నేను పక్కకెళ్ళి ఊళ్ళో నాన్నకు ఫోన్ చేశాను. రాకడే జరిగుంటే ఆయన ఉండడు కదా! "ఏరా" అన్నాడు నాన్న. ఊపిరి పీల్చుకున్నాను. మరుక్షణమే, సొంత తమ్ముడితో పదేళ్ళుగా మాట్లాడని నాన్నను మాత్రం ప్రభువు ఎందుకు తీసుకెళ్తాడన్న అనుమానమొచ్చింది.

అప్పుడే ఆవిడ వచ్చింది. "దారిలో ఆటో చెడిపోయింది బాబూ" అంటూ నా మొహం చూసి ఆగిపోయింది.

ఆ సాయంత్రం, రేపు ఏడింటికి అన్నాను.

"తప్పకుండా వస్తాను బాబూ" అంది మెత్తగా.

ఆవిడ వదిలేసిన షరతు నేనే మనసులో అనుకున్నాను.