గట్టి టైర్లు అడిగి తీసుకున్నాను

జనవరిలో, ఉదయం పదకొండు గంటలకు లద్దాఖ్‌లోని ఆర్మీ సప్లై క్యాంపులో దిగాను. ఎండ ఉంది, వేడి లేదు. మూడు స్వెట్టర్లు, పైన కోటు. అయినా పళ్లు టకటకలాడాయి. నాకు అప్పగించింది కిరోసిన్ డ్రమ్ములు మోసే లారీ. కో-డ్రైవర్‌ది పలాస. తెలుగు మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ముందు చక్రాలకు టైర్లు మార్చుకోమన్నారు. స్టోరులో రెండు రకాలున్నాయి. హవల్దార్ వివరంగానే చెప్పాడు. ఒకదాని రబ్బరులో కార్బన్ మసి ఎక్కువ. మైదానాల ఎండలో తొందరగా అరగదు, చలికి మాత్రం బిగుసుకుపోతుంది. రెండోదాంట్లో సిలికా, నూనె ఎక్కువ. మైనస్‌లోనూ మెత్తగా ఉండి రోడ్డుని పట్టుకుంటుంది, కాకపోతే త్వరగా అరుగుతుంది.

"పహాడ్ మే నరమ్ వాలా లో," అన్నాడు, కొండల్లోకి మెత్తవే తీసుకోమని.

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల దగ్గర పనిచేశాడు. అక్కడ మేముండే ఖరిదా పేట ఇళ్లల్లో ఏం కొన్నా గోరు గుచ్చి చూస్తారు. దిగితే నాసిరకం. మెత్త టైరులో నా గోరు దిగింది. నెలాఖరుకి బండి మైదానానికి దిగాలి కదా అని హవల్దార్‌ని బతిమాలి గట్టివే తీసుకున్నాను. నాకు తెలియని చక్రాలా అన్న పొగరు.

ఐదో రోజు ఉదయం 9.40. కనుమ దిగుతున్నాం. మైనస్ పంతొమ్మిది. రోడ్డు పొడిగా ఉందని చక్రాలకు మంచు గొలుసులు వేయలేదు. కొండ నీడలో ఒక మలుపు, దాని మీద పలచటి మంచు పొర. స్టీరింగ్ తిప్పాను. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. నేరుగా లోయ వైపు జారుతోంది.

"తీన్ నంబర్, బ్రేక్ మత్ మారో," రేడియోలో కాన్వాయ్ కమాండర్. మూడో నంబర్ బండి మాదే, బ్రేకు తొక్కొద్దంటున్నాడు.

"ఏటన్నా, ఆగట్లేదేటి?" అంటూ కో-డ్రైవర్ చెక్క దిమ్మతో దూకేశాడు. ముందు చక్రం కింద పెట్టాడు. జారిపోయింది. మళ్లీ తోశాడు. బండి ఆగింది. అంచుకి జానెడు దూరం.

"అన్నా, సెయ్యి," అన్నాడు కింద నుంచి. అరవలేదు.

దిమ్మకీ టైరుకీ మధ్య వాడి కుడి చెయ్యి. బండి వెనక్కి వస్తేనే చెయ్యి వస్తుంది. ముందుకి జారితే వాడూ నేనూ లోయలోకే. అంత భయం అంతకుముందు ఎరగను. వెనక బండి వాళ్లు పరిగెత్తుకొచ్చి వెనక చక్రాల కింద ఇసుక పోశారు, తాడు కట్టి లాగారు. రివర్స్ వేశాను. నాలుగు నిమిషాలు పట్టిందన్నారు. బండి బెత్తెడు వెనక్కి కదిలింది.

మూడు వేళ్లు పోయాయి. ఆసుపత్రిలో వాడి మంచం పక్కన నిలబడి, ఆ టైర్లు నేనే అడిగి తీసుకున్నానని చెప్పాను.

"నానూ స్టోరు కాడే ఉన్నాను గదన్నా. నాకూ గట్టియే మంచియనిపించినాయి," అన్నాడు. ఆ మాటకన్నా వాడు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

మరుసటి ఏడాది ఖరగ్‌పూర్ వచ్చేశాను. గోల్‌బజార్‌లో టీ దగ్గర కూర్చుంటే, శత్రువుని చూసి భయపడ్డావా దాదా అని బెంగాలీ దోస్తులు అడుగుతారు. శత్రువుని నేను చూడనేలేదు. నాకు కనిపించేది, బండి వెనక్కి జరిగాక మంచు మీద మిగిలిన వాడి గ్లవ్. బల్లపరుపుగా అణిగిపోయి, వేళ్ల మీద నా కొత్త టైరు గాడుల అచ్చు ఒక్క గీత కూడా చెదరకుండా పడి ఉంది.