బామ్మర్ది వైరు, నా ఫోను

మొన్న ఉదయగిరిలో పనిగట్టుకుని నా ఫోను నేనే కట్ చేయించుకున్నాను. నవ్వండి, నవ్వండి! టీ చల్లారేలోపల చెప్పేస్తా.

నా ఎస్టీడీ బూతు మీకు తెలుసు కదా. దాని పర్మిషన్ కోసం ఆత్మకూరు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినాను. గాజు కేబిన్ ఉండాల, బోర్డు ఉండాల, ఆఫీసరొచ్చి చూడాల! మా బామ్మర్ది సుధాకర్ మాత్రం మిద్దె మీద డిష్షు పెట్టి, టెలిఫోన్ స్తంభాల మీద వైర్లు లాగి, ఇంటింటికీ కేబుల్ టీవీ ఇచ్చేసినాడు. ఎవురినీ అడగలా!

"ఒరే, పర్మిషన్ ఉండాదా?" అన్నాను.

"ఇది ఫోను కాదు బావా, టీవీ! దీనికి పర్మిషన్ ఏంది?" అని నవ్వినాడు.

నాకు ఒళ్ళు మండింది. కుళ్ళే అనుకోండి. మర్నాడే ఆత్మకూరు బస్సెక్కి టెలిఫోన్ ఆఫీసరుకి చెప్పేసినాను.

"టీవీలో ఏమేస్తాడో మాకు సంబంధం లేదు. స్తంభం మాత్రం మాది. రేపొస్తా" అన్నాడాయన.

అన్నట్టే లైన్‌మన్‌తో దిగినాడు. వైర్లు టపటపా కింద పడతావుంటే నాకు కడుపు నిండిపోయింది. ఆఫీసరుని బూతులో కూర్చోబెట్టి టీ తెప్పించినాను. సుధాకర్ ఏం చేసినాడో తెలుసా? ఆ వైర్లే చుట్టుకుని మిద్దెల మీదగా లాగడం మొదలుపెట్టినాడు!

"సార్, చూడండి సార్!" అన్నాను.

"మిద్దెలు మావి కాదు కదయ్యా" అన్నాడు ఆఫీసరు.

అప్పుడే ఫోను మోగింది. బూతులో మోగింది, బూతు వెనకాలే ఉన్న మా వంటింట్లోనూ మోగింది! ఆఫీసరు టీ గ్లాసు దించినాడు. నేను కదిలేలోపల లోపల్నుంచి మా ఆవిడ కేక: "ఏమయ్యా, నువ్వెత్తుతావా, నేనెత్తేదా?"

అన్నం తినేటప్పుడు గిరాకీ పోకూడదని నేను అదే లైన్లోంచి దొంగచాటుగా లాగిన రెండో ఫోను అది.

"దీనికి పర్మిషన్ ఉందా?" అన్నాడు ఆఫీసరు.

లైన్‌మన్ మళ్ళీ స్తంభమెక్కినాడు. ఈసారి తెగింది నా లైను! మళ్ళీ ఎప్పుడిస్తారు సార్ అంటే, చూద్దాంలే అని జీపెక్కినాడు.

సాయంత్రానికి ఊరంతా టీవీ వస్తావుండాది. నా ఖాళీ కేబిన్ చూసి సుధాకరే జాలిపడి, ఒక పాత టీవీ తెచ్చి పెట్టినాడు. "ఇక్కడే కూర్చుని నా కేబుల్‌కి కొత్త కనెక్షన్లు చూసుకో బావా" అన్నాడు. సిగ్గేసింది గానీ, కూర్చున్నాను.

నిన్న దుత్తలూరు నుంచి ఒక పెద్దాయన ఫోను చేసుకుందామని వచ్చినాడు. గాజు కేబిన్లో టీవీ ఆడతావుంటే తెల్లబోయి, "ఏంది నాయనా, దీనికి పర్మిషన్ ఉండాదా?" అన్నాడు.

"ఇది ఫోను కాదు పెద్దాయనా, టీవీ! దీనికి పర్మిషన్ ఏంది?" అన్నాను.

లోపల్నుంచి మా ఆవిడ: "గట్టిగా చెప్పయ్యా, ఆత్మకూరు దాకా వినపడాల!"