వణకని చేతులు

తొంభైల మొదటి సంవత్సరాలవి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల రోడ్ల మీద బస్సులు తిప్పే ఒక డిపోలో నేను కంట్రోలర్‌గా పనిచేసేవాణ్ణి. ఏ బస్సుకు ఏ డ్రైవరు, ఏ కండక్టరు అని చార్టు వేసి, తెల్లవారుజామున వాళ్లను గేటు దాటించడం కంట్రోలర్ పని. ఆ ఉద్యోగం తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది మంచు. చలికాలం పొద్దున యార్డులో బస్సులు కనిపించేవి కావు, వాటి దీపాలే కనిపించేవి. ఇంజన్ల పొగ ఆ మంచులో కలిసిపోయి, వచ్చే మనుషులకు కాళ్లు లేనట్టు, గాలిలో తేలుతూ వస్తున్నట్టు ఉండేది. ఆ రోజులన్నీ నాకు ఇప్పటికీ అలాగే గుర్తుకొస్తాయి, సగం మెలకువలో చూసినట్టు.

నా కిటికీ దగ్గర ఒక పద్ధతి ఉండేది. తాగి వచ్చిన డ్రైవర్‌ను పట్టే మిషన్లు అప్పట్లో మా దగ్గర లేవు. కొందరు కంట్రోలర్లు నోటి వాసన చూసేవారు. నేను మాత్రం "చేతులు చాపు" అనేవాణ్ణి. చాపిన చేతుల మీద లాగ్ షీటు పరిచేవాణ్ణి. లాగ్ షీటు అంటే ఆ రోజు బస్సు వెళ్లే ఊళ్లూ టైములూ రాసిన పలచటి కాగితం. చేతి వణుకు కంటికి కనబడకపోయినా కాగితం అంచు రెపరెపలాడి పట్టిస్తుంది. అలా దొరికినవాడికి డ్యూటీ ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టేవాణ్ణి. మా మాటల్లో దాన్ని స్పేర్ వేయడం అంటారు. వాసనను జర్దా పాన్‌తో కప్పెయ్యొచ్చు గానీ కాగితాన్ని మోసం చేయలేరని నాకు చాలా గర్వంగా ఉండేది.

గంగారాం సిరిసిల్ల నేత కుటుంబంలో పుట్టాడు. మగ్గం వదిలి స్టీరింగ్ పట్టాడు. అతను గేరు మారిస్తే వెనక కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. కల్లు ముట్టేవాడు కాదు. మా వాళ్లంతా ఈత వనంలోకి పోతే, తనొక్కడు సోడా పట్టుకుని కూర్చునేవాడు. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాత ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒకరోజు పొద్దున అతను లాగ్ షీటు తీసుకోకుండా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. "సార్, ఇయ్యాల బంద్ అంటున్నరు. సిరిసిల్ల తొవ్వల అడివి దిక్కు బండ్లు పోవద్దని పోస్టర్లు అంటిచ్చిన్రట."

"ఆపుమని పై నుంచి ఆర్డర్ రాలే. బండి ఆపితే నా మీదికొస్తది. నువ్వు పో, ఏం కాదు," అన్నాను.

పక్కనే ఉన్న కండక్టర్ కరీం నవ్వాడు. "కిటికీల కూసున్నోళ్లకు ఏం కాదు సార్. నడువు గంగన్నా, కాలితే బస్సు కాలుతది, మనం నడుసుకుంట మల్లొద్దాం."

మధ్యాహ్నానికి అదే జరిగింది. ఒక కల్వర్టు దగ్గర, మా దిక్కు అన్నలని పిలిచే నక్సలైట్లు బస్సు ఆపారు. అందరినీ దించారు. ఒక ముసలమ్మ కోళ్ల గంప లోపల మరిచిపోతే వాళ్లలో ఒక పిల్లవాడు ఎక్కి తెచ్చిచ్చాడట. గంగారాంతో "నీ మీద మాకు కోపం లేదన్నా, నీ టిఫిన్ తీసుకో" అన్నారట. అతను టిఫిన్ తీసుకుని పొలం గట్టు మీద కూర్చుని బస్సు కాలడం చూస్తూ ఉండిపోయాడు. మంటల్లో వైర్లు ఒకదానికొకటి తగిలాయేమో, హారన్ దానంతటదే మోగడం మొదలైంది.

"స్టీరింగ్ మీద ఎవ్వలు లేరు సార్," అన్నాడు నాతో మర్నాడు. "అదొక్కతే ఒర్రుతున్నది. శానసేపు ఒర్రింది."

నేను రిపోర్టులో ప్రాణనష్టం లేదని రాశాను. ఆ వారంలోనే అతనికి ఇంకో బస్సు ఇచ్చాను. నీకెట్లుంది అని నేను అడగలేదు, డిపోలో ఎవరూ అడగలేదు.

మెల్లమెల్లగా గంగారాం మాట తగ్గింది. టిఫిన్ తెచ్చినట్టే వెనక్కి తీసుకుపోతున్నాడని కరీం అన్నాడు. కొన్నాళ్లకు మనిషి కొంచెం తేరుకున్నట్టే కనిపించాడు. నవ్వుతున్నాడు కూడా. సరిగ్గా అప్పుడే, ఒక పొద్దున అతని చేతుల మీద కాగితం వణికింది. గాలేమో అనుకుని కిటికీ రెక్క మూశాను. అయినా వణికింది.

"ఏంది గంగారాం?"

"ఏం లేదు సార్."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "గంగన్న గూడ మనలల్ల కలిసిండ్రో!" అందరూ నవ్వారు.

వాసన చూశాను. లేదు. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. నేను వేరే లెక్క వేసుకున్నాను. మా దిక్కు కల్లులో మత్తు మందు కలుపుతారని, అలాంటి కల్లుకు అలవాటుపడ్డవాడికి ఒక పూట తప్పినా చేతులు వణుకుతాయని అందరికీ తెలిసిందే. బస్సు కాలిన దిగులుతో ఇతను కూడా మొదలుపెట్టాడనుకున్నాను.

"తాగినవా?" అని అందరి ముందే అడిగాను.

అతను కాగితం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "అవ్ సార్," అన్నాడు.

స్పేర్ వేశాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు వేశాను. డిపోలో అతని పేరు ముందు తాగుబోతు అన్న మాట అంటుకుపోయింది. అతను బెంచీ మీద తల వంచుకుని కూర్చుంటే, పోయేవాళ్లు వచ్చేవాళ్లు "ఏం గంగన్నా, ఏ చెట్టుది?" అని అడిగేవాళ్లు. అతను చిన్నగా నవ్వి ఊరుకునేవాడు.

కొంతకాలానికి కాగితం కదలడం ఆగిపోయింది. ఒక రోజు, రెండో రోజు, వారమంతా. రాతి మీద పరిచినట్టు ఉంది. నాకు సంతోషమైంది. మిగతా డ్రైవర్లను పిలిచి మరీ చూపించాను. "చూసిన్రా? మనసుంటే ఎవడైనా మానొచ్చు." వెంటనే అతన్ని మళ్లీ సిరిసిల్ల బస్సెక్కించాను. ఆ వారంలో అతని ముఖం ఎలా ఉందని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పలేను. మరిచిపోయి కాదు, నేను చూడలేదు. చేతులే చూశాను.

నాలుగు రోజులకు కరీం ఒక ఊరి పోస్టాఫీసు నుంచి ఫోన్ చేశాడు. అతని గొంతులో నవ్వులాట లేదు.

"సార్, గంగన్న బండి ఆపిండు. గదే కల్వర్టు కాడ. ఇంజన్ బంద్ వెట్టిండు. పలుకుతలేడు. ఆ హారన్ ఎవలు కొడుతున్నరని ఒక్కసారి అడిగిండు, గంతే. హారన్ ఎవ్వలు కొడ్తలేరు సార్. నాకు భయమైతున్నది."

ఇంకో డ్రైవర్‌ను తీసుకుని డిపో జీపులో బయలుదేరాను. పొద్దు వాలుతోంది. దారికి రెండు పక్కలా పసుపు చేలు, వాటి మీద పలచని పొగ లాంటి వెలుగు. దూరం నుంచి చూస్తే రోడ్డు నడుమ నిలబడ్డ ఆ బస్సు ఎక్కడికో పోతూ నిద్రపోయినట్టుంది. ప్రయాణికులు అప్పటికే వేరే బండ్లలో వెళ్లిపోయారు. గంగారాం సీట్లోనే ఉన్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. ఏమాత్రం వణుకు లేదు. ఫుట్‌బోర్డు ఎక్కి పేరు పెట్టి పిలిచాను.

అతను చాలా మెల్లగా, మర్యాదగా అన్నాడు: "సార్, ఈ బండి కాలిపోయింది గద. నన్నెట్ల తోలుమంటున్నరు?"

జీపులో ఇంటికి తీసుకొచ్చాం. అతని భార్య నర్సవ్వ వాకిట్లో బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూడగానే ఒళ్లోని చాట పక్కన పెట్టి, భర్తను లోపల పడుకోబెట్టి వచ్చింది. ఏడవలేదు. కోపంగా ఉంది.

"గోలీలు బంద్ వెట్టిండు సారూ. గందుకే గిట్లయ్యింది."

"ఏం గోలీలు చెల్లె?"

"జగిత్యాల డాక్టర్ ఇచ్చినయి. అయి తినవట్టినంకనే కంటికి నిద్ర వచ్చింది, నోటికి అన్నం వోయింది. చేతులు జర వణికినయి, గంతే. మీరేమో కాయితం వెట్టి చూస్తిరి. డ్యూటీ పోతదని గోలీలు తీస్కపోయి పెంటల పారేసిండు."

"మరి నాకెందుకు చెప్పలే? తాగిన అని ఎందుకు ఒప్పుకున్నడు?"

"ఏం చెప్పాలె సారూ? పిచ్చి గోలీలు తింటున్న అని చెప్పాల్నా? తాగుబోతంటే నాలుగు దినాలు పక్కకు కూసోవెడ్తరు. పిచ్చోడంటే మల్ల స్టీరింగ్ ముట్టనిస్తరా? మీరే చెప్పుండ్రి, ఇస్తుంటిరా?"

ఇచ్చేవాణ్ణి కాదు. పొద్దున్నే వస్తానని మాత్రం ఆమెతో చెప్పి జీపెక్కాను.

మర్నాడు నేనే అతన్ని జగిత్యాల తీసుకెళ్లాను. పెద్దవయసు డాక్టరు. ఆయన గంగారాంను ఎదురుగా కూర్చోబెట్టి, చేతులు చాపమని, బల్ల మీది తెల్లకాగితం ఒకటి తీసి వాటి మీద పరిచాడు. నేను ఉలిక్కిపడ్డాను. అచ్చం నా పద్ధతే. కాగితం కదల్లేదు. డాక్టర్ దాన్ని కాసేపు చూసి, గంగారాం ముఖంలోకి చూసి అడిగాడు.

"మందు ఎప్పుడు మానేసినవ్?"

నేను మెచ్చుకున్న ఆ నిలకడలో ఆయనకు కనిపించింది అది.

తర్వాత నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. అది యాంటీ డిప్రెసెంట్ అట, అంటే మనసుకు పట్టిన దిగులును తగ్గించే మందు. అది పనిచేస్తూనే కొందరికి చేతుల్లో వణుకు తెస్తుంది. దాన్ని ట్రెమర్ అంటారు. నరాల జబ్బూ కాదు, తాగుడూ కాదు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తాడు, లేదా మందు మారుస్తాడు. తమంతట తాము ఒక్కసారిగా ఆపేస్తే దిగులు తిరిగి మీద పడుతుంది.

"బస్సు తోలొచ్చా సార్?" అని గంగారాం అడిగాడు.

"ఇప్పుడు వద్దు. తోలొచ్చని నేనే చెప్త, అప్పటిదాకా ముట్టకు," అన్నాడు డాక్టర్.

తిరుగు ప్రయాణంలో గంగారాం కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. చెట్లు వెనక్కి పోతుంటే కళ్లు వాటి వెంటే పోతున్నాయి. ఊరు దగ్గర పడ్డాక నా వైపు తిరిగాడు.

"సార్, ఒక్క మాట. డిపోల నన్ను తాగుబోతనే ఉండనియ్యుండ్రి."

"గంగారాం, రేపే అందరి ముందు నీకు క్షమాపణ చెప్పాలనుకుంటున్న."

"వద్దు సార్. క్షమాపణ చెప్పాలంటే గోలీల సంగతి చెప్పాలె గద. మీరు మంచిగ చెప్తరు, వాళ్లు పిచ్చోడని వింటరు."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకూ అదే సులువనిపించింది. పై ఆఫీసుకు ఆరోగ్యం బాగాలేదని మాత్రం రాశాను. కొన్ని నెలలు షెడ్డులో పనిచేశాడు. మందు మార్చారు. వణుకు తగ్గింది, నిద్ర నిలిచింది. డాక్టర్ సరే అన్నాక పెగడపల్లి దిక్కు తిరిగే పల్లె బస్సు ఇచ్చాను. తర్వాత పెద్ద రూట్లకు వెళ్లాడు. కాగితం పరిచే పద్ధతి నేను మానేశాను. చేతులు చూసేవాణ్ణి, చూడకపోతే ఉద్యోగం కాదు. కానీ చెయ్యి వణికితే ఆ మనిషిని లోపలికి పిలిచి, తలుపు వేసి, రాత్రి నిద్ర పట్టిందా అని అడిగేవాణ్ణి. చాలామంది తాగినవాళ్లే. అందరూ కాదు. ఒకతని భార్య ఆస్పత్రిలో ఉందని అలా అడిగితేనే తెలిసింది.

ఏళ్లు గడిచాయి. నేను రిటైరయ్యాను, తర్వాత గంగారాం వంతు వచ్చింది. డిపో యార్డులో షామియానా వేసి సన్మానం చేశారు. నన్నూ పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. ఒక కుర్ర డ్రైవరు మైకు పట్టుకుని, "మా గంగన్న రోజూ జర ఏసుకున్నా, ఒక్క యాక్సిడెంటు చెయ్యలే. గది తాగుడు కాదు, టాలెంటు!" అన్నాడు. షామియానా అంతా చప్పట్లు.

గంగారాం లేచాడు. దండ సర్దుకుని మైకు తీసుకున్నాడు. "నేను నా జిందగీల చుక్క ముట్టలే," అన్నాడు.

అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. వెనక ఎవరో ఈల వేశారు. అతను నవ్వు ఆగేదాకా ఆగి, మళ్లీ అదే మాట అన్నాడు. మళ్లీ నవ్వారు. అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపు అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది. అతని తర్వాత మైకు నాకిచ్చారు. క్రమశిక్షణ గురించి, సమయపాలన గురించి మాట్లాడి కూర్చున్నాను.

బయట కుర్చీలు సర్దుతుంటే నా దగ్గరికి వచ్చాడు. "మీరు నవ్వలే సార్. నేను చూసిన," అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడు. సన్మానం జరిగింది అతనికి, ఓదార్పు దొరికింది నాకు.

ఈమధ్య గంగారాంకు ఫోన్ చేసి, ఇదంతా రాయనా అని అడిగాను. "రాయుండ్రి సార్. పేరు గూడ రాయుండ్రి. గోలీల సంగతి కూడా రాయుండ్రి. ఎవనికన్న చేతులు వణికితే పెంటల పారెయ్యకుంట డాక్టర్ కాడికి పోతడు," అన్నాడు.

చేతులు చూసి మనిషిని లెక్కగట్టడం నా ఉద్యోగం. ఆ లెక్క సగమేనని, మిగతా సగం అడిగి తెలుసుకోవాలని గంగారాం వల్ల నేర్చుకున్నాను. అడగడమైతే నేర్చుకున్నాను గానీ, తెలిసింది నలుగురిలో చెప్పడం నేర్చుకోలేదు. అది ఇప్పుడు చెబుతున్నాను. గంగారాం ఎన్నడూ తాగలేదు. తాగాడని ముద్ర వేసినవాణ్ణి నేను.