హుసేనప్పకు ఆ పేరెందుకు పెట్టారు?

2022 ఎండాకాలం. పత్తికొండలో అడ్వకేటుగా, నోటరీగా నాకు అది పద్దెనిమిదో ఏడు. నోటరీ అంటే ప్రమాణపత్రాలకు ముద్ర వేసి ధ్రువీకరించే పని. గట్టు తగాదాలు, భాగపరిష్కారాలు తప్ప నా టేబుల్ మీదికి పెద్దగా వేరేవి వచ్చేవి కావు. శరణార్థి కేసుల గురించి పేపర్లో చదవడమే.

టమాటా మార్కెట్లో కాయలేరే నరసమ్మ ఒకరోజు ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె తమ్ముడు హుసేనప్ప యూరప్‌లో ఒక దేశంలో డిటెన్షన్‌లో, అంటే వెనక్కి పంపేవాళ్ళను ఉంచే చోట, ఉన్నాడు. ఇక్కడ క్వారీలో జరిగిన ఒక చావు గురించి సాక్ష్యం చెప్తానన్నందుకు యజమాని మనుషులు అతన్ని షెడ్డులో మూడు రోజులు కట్టేసి కొట్టారు. ఫిర్యాదు చేయబోతే పోలీసులూ కొట్టారు. గల్ఫ్‌కు కూలికి పోయి, అక్కడి నుంచి ఆ దేశం చేరి శరణు అడిగాడు. కాదన్నారు. అప్పీలూ కొట్టేశారు. ఇంకో పన్నెండు రోజుల్లో విమానం ఎక్కిస్తారు. ఆలోపు కొత్త సాక్ష్యం దొరికితేనే కోర్టు మళ్ళీ చూస్తుందని అక్కడి లాయరమ్మ రాసింది.

"వాడు ఈడికొస్తే బతకనీరు మేడం. ఆ యజమాని ఇంకా ఊర్లోనే ఉండాడు," అంది నరసమ్మ.

తిరస్కరణ ఉత్తర్వు చదివితే నాకు ఒళ్ళు మండింది. వీపు మీద మచ్చల గురించి రెండు వాక్యాలు, పేరు గురించి ఒకటిన్నర పేజీ. హిందువునంటాడు, పేరేమో ముస్లిం పేరు. తానెవరో దాస్తున్న మనిషి చెప్పే దెబ్బలను ఎలా నమ్మాలని వాళ్ళ వాదన.

ఇంతేనా అనుకున్నాను. 'ఇతను నా సొంత తమ్ముడు, మాది హిందూ కుటుంబం, ఇతని పేరు హుసేనప్ప' అని నరసమ్మ తరఫున అఫిడవిట్ రాసి, ముద్ర వేసి పంపి, పనైపోయిందని టీ తాగాను. నాలుగో రోజు లాయరమ్మ జవాబిచ్చింది. ఇవన్నీ అతను ముందే చెప్పాడు, హిందువుకు ఈ పేరెలా వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు అని.

తప్పు నాదే. మా వైపు ఎవరూ అడగని ప్రశ్న కాబట్టి నేనూ అడగలేదు. నరసమ్మను మళ్ళీ పిలిపించాను.

"నా యెనకాల ముగ్గురు పుట్టి పోయినారు మేడం. ఈసారి బిడ్డ నిలిస్తే నీ పేరే పెడతానని మాయమ్మ పీర్లచావిట్లో హుసేన్ పీరుకు మొక్కుకునింది. వీడు నిలిచినాడు."

"ఆ రోజే చెప్పొచ్చు కదా?"

"అందరికీ తెలిసిందే గదా. మీకు తెలీదా?"

తెలుసు. అందుకే రాయలేదు.

ఈసారి రాశాను. పీర్లచావిడిని చూసుకునే ముజావర్ పెద్దాయన, ఆ ఇంటివాళ్ళు ఏటా పీర్ల పండుగకు చదివింపులు, అంటే పీర్ల ముందు ఫాతెహా చదివించే బెల్లం, తెస్తారని ఇంకో అఫిడవిట్ ఇచ్చాడు. ఊరి ఓటర్ల జాబితాలో తండ్రి నాగప్ప, కొడుకు మస్తానప్ప లాంటి వరుసలు కనిపించిన చోటల్లా గీతలు గీసి ఇంగ్లీషులోకి మార్చాను. చివరగా ఈ ఆచారం గురించి నా తరఫున ఒక అఫిడవిట్. నా సంతకాన్ని నేనే ధ్రువీకరించుకోకూడదు కాబట్టి పక్క వీధి నోటరీ దగ్గరికి పోయాను.

అఫిడవిట్ మొదటి వరుసలో తండ్రి పేరు రాయాలి. 'కీర్తిశేషులు దస్తగిరప్ప' అని రాసి ఆగిపోయాను. పద్దెనిమిదేళ్ళుగా ఎన్ని కాగితాల మీద రాశానో ఆ పేరు. నాన్న పుట్టకముందు మా అవ్వ ఎవరిని పోగొట్టుకుని ఏం మొక్కుకుందో ఆయన్ను ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. ఆ నోటరీ ముందే ఏడుపొచ్చింది.

విమానానికి రెండు రోజుల ముందు కోర్టు పంపించడం ఆపింది. మళ్ళీ విచారణ జరిగి, మరుసటి ఏడు హుసేనప్పకు అక్కడే ఉండే అనుమతి వచ్చింది. సాక్ష్యమిచ్చిన హిందూ న్యాయవాది తండ్రి పేరూ అటువంటిదేనని తీర్పులో ఒక వాక్యం ఉందట.

ఇప్పుడు నా ముందు కూర్చున్నవాళ్ళు అందరికీ తెలిసిందే కదా అంటే, అక్కడే ఆపి, అదేంటో మొదటి నుంచి చెప్పమంటాను.