ఎవరూ రాయని ప్రోగ్రాం

సిరిసిల్లలో మగ్గాల మధ్య పెరిగిన లింబాద్రి కోరుట్లలో కంప్యూటర్ నేర్పుతాడు. ఏం ఆలోచిస్తున్నా బొటనవేలూ చూపుడువేలూ కలిపి, లేని దారానికి పురి పెడుతుంటాడు. అతనికి చీర అంచులు గీసే ప్రోగ్రాం కావాలి, కానీ తను రాయడు. కంప్యూటర్ చేతనే అడ్డదిడ్డంగా కొన్ని రాయిస్తాడు. అవి గీసిన అంచులు చూసి, పనికిరాని ప్రోగ్రాంలను తీసేసి, నచ్చినవాటిని రెండేసి జతకలిపి, వాటి ముక్కలు కలిసి పుట్టే పిల్లల కోసం ఎదురుచూస్తాడు. "నేను రాసిన" అని ఎన్నడూ అనడు. తొంభై ఆరులో ఆ అలవాటే ప్రాణం మీదికి తెచ్చింది. గోడ మీదైనా కాగితం మీదైనా రాత కనబడితే నక్సలైట్లదేమోనని అప్పట్లో పోలీసులడిగేది ఒకటే: ఎవరు రాసిండ్రు? స్టేషన్‌కు పోయినవాళ్లందరూ తిరిగిరాని రోజులవి.

తనిఖీకొచ్చిన ఎస్సై తెర నిండా ఉన్న గుర్తులు చూసి, "గిదెవరు రాసిండ్రు?" అన్నాడు.

"ప్రోగ్రాం సార్. ఎవరూ రాయలే. పుట్టింది."

"అయ్యవ్వలు లేకుండనేనా? జీపెక్కు, అన్నీ యాదికొస్తయి."

లింబాద్రి వేళ్లు ఆగిపోయాయి. "అయ్యవ్వలున్నరు సార్. కూసోండ్రి, చూపిస్త." తెర మీద ఆరు అంచులు వచ్చాయి. "నచ్చినయి చెప్పుండ్రి."

ఎస్సై విసుగ్గా రెండు చూపాడు. వాటికి పుట్టినవాటిలో మళ్లీ రెండు. మూడో తరానికి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. నాలుగో తరానికి, "గా నెమలికంఠం రంగుది ఉంచు, మా ఇంటామెకు నచ్చుతది" అన్నాడు.

ఆ అంచు గీసిన ప్రోగ్రాంను లింబాద్రి తెరిచాడు. నిండా అవే గుర్తులు. "గిదెవరు రాసిండ్రు సార్?"

ఎస్సై తెర మీదికి వంగి ఆ గుర్తులు చూశాడు. "నేనైతే రాయలే" అంటూ టోపీ అందుకున్నాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక లింబాద్రి వేళ్లు మళ్లీ పురి పెట్టసాగాయి.