నొప్పి తెలియని పాదాలు

2002లో నన్ను గుంటూరులోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి సీనియర్ ఆర్థోటిస్టుగా బదిలీ చేశారు. పట్టు తప్పిన కాళ్లకు, చేతులకు ఆసరాలు తయారుచేసి తొడగడం మా పని.

చేరిన రెండో నెలలో ప్రత్తిపాడు నుంచి సుభానీ గారనే దర్జీ వచ్చారు. అరవై ఎనిమిదేళ్లు. షుగరు వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నాయి. ఒక చీలమండ నిలవక ఒకే నెలలో మూడుసార్లు పడ్డారు. భార్య మస్తాన్‌బీ మిరపకాయల తొడిమలు తీసే కూలీ. ఆయన మోచేయి వదలకుండా పట్టుకుని తీసుకొచ్చింది.

పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోమన్నాను. మూసిన మరుక్షణం ఊగిపోయారు. పట్టుకున్నాను. పాదానికి నేల తెలియనప్పుడు మనిషి చూపు ఆధారంగానే నిలబడతాడు. స్పర్శ ఎప్పటి నుంచి లేదని ఆయన్ని అడిగాను. ఆమే చెప్పింది.

"పని నుంచొచ్చి కాళ్లు పిసికితే, నీ చేతుల మిరప మంట చంపుతోందే అని అరిచేవాడు సార్. ఏడాదైంది, అరవటంలా. ఓపికొచ్చిందిలే అనుకున్నా."

ఆయన తల దించుకున్నారు. "తెలీటంలేదంటే పిసకటం మానేస్తావని చెప్పలా," అన్నారు.

కాలికి అచ్చు తీసి, ప్లాస్టిక్ షీటును వేడిచేసి వంచి, బూటులో ఇమిడే ఆసరా చేశాను. అది తొడుక్కుని ఆయన హాలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒంటరిగా నడిచారు. మస్తాన్‌బీ కళ్లు తుడుచుకుంది. ఎక్కడైనా ఒత్తుకుంటోందా అని అడిగాను. హాయిగా ఉందన్నారు. అరగంట తర్వాత విప్పి, చర్మం ఎర్రబారిందేమో చూడాలన్నది నియమం. ఆ సంతోషంలో చూడకుండానే పంపించేశాను.

ఆరో రోజు ఆమె రక్తం అంటిన మేజోడు పట్టుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. చీలమండ లోపలి వైపు ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. షుగరున్నవాళ్లకు అలాంటి పుండుతో కాలే పోవచ్చు. తప్పు నాదేనని ఇద్దరి ముందూ ఒప్పుకున్నాను. పై డాక్టరుగారికీ రాసిచ్చాను. మస్తాన్‌బీ వంగి ఆ పుండును దగ్గరగా చూసింది.

"సరే సార్. ఎట్టా చూడాలో నాకు నేర్పండి," అంది.

వేళ్ల సందులు, అరికాలు, మడమ, ఎముక పైకి పొడుచుకొచ్చిన చోట్లు, ఏది ముందు చూడాలో నేర్పాను. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆసరా అంచును వేడిచేసి బయటికి వంచి, లోపల మెత్త అతికించి మళ్లీ తొడిగాను. ఈసారి అరగంటా ఆయన పక్కనే కూర్చుని, విప్పి చూశాను. కొన్నాళ్లకు, మసీదుకు ఒక్కడినే వెళ్లొస్తున్నానని చెప్పారు.

స్పర్శ పోయిన కాలి సంగతి ఆ కాలున్న మనిషిని అడిగి తెలుసుకోలేమని అప్పుడు నేర్చుకున్నాను. రిటైరయ్యే దాకా, బాగుందన్న మాట మీద ఎవరినీ ఇంటికి పంపలేదు. విప్పి చూశాను. ఇంట్లో రోజూ ఆ కాళ్లు చూసేది ఎవరో అడిగి, వాళ్లకు నేర్పాకే ఆసరా ఇచ్చి పంపే కాగితం మీద సంతకం పెట్టాను.